ఫార్ములా నుంచి బస్తా దాకా: బోధన్ చెరకు ప్రాంతంలో అయానిక లవణాల లెక్కలు

బోధన్, రుద్రూర్, వర్ని, కోటగిరి ప్రాంతాల్లో ఎరువుల దుకాణానికి వెళ్లిన రైతుకు జింక్ సల్ఫేట్ పేరుతో రెండు రకాల సంచులు లభిస్తాయి. ఒకదానిపై జింక్ 21 శాతం అనీ, రెండవదానిపై 33 శాతం అనీ ముద్రించి ఉంటుంది. ధర వేరు, సంచి పరిమాణం వేరు, పేరు మాత్రం ఒకటే. వరిలో ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేయాలన్న సిఫారసు ఈ రెండింటిలో దేనికి వర్తిస్తుంది? దీనికి సమాధానం పేరులో లేదు, ఆ లవణం ఫార్ములాలో ఉంది. క్షేత్రస్థాయిలో మోతాదుల విషయమై తలెత్తే పొరపాట్లలో చాలా భాగం ఫార్ములాను పక్కనబెట్టి పేరును పట్టుకోవడం వల్ల కలిగేవే. పదవ తరగతిలో నేర్చుకొని, పరీక్ష రాసి మరచిపోయిన ఆవేశాల లెక్కను మళ్లీ ఒకసారి చేతిలోకి తీసుకుంటే ఇటువంటి పొరపాట్లను నివారించవచ్చు.

ఈ ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకోవడానికి తగిన కారణం ఉంది. మంజీరా నదిపై 1923లో ప్రారంభమై 1931లో పూర్తయిన నిజాంసాగర్ జలాశయం కింద చెరకు విస్తరించింది. దాని ఆధారంగా 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడిన తరువాత చెరకు స్థానాన్ని చాలావరకు వరి, సోయాచిక్కుడు, మొక్కజొన్న ఆక్రమించాయి. రుద్రూర్‌లోని పరిశోధన స్థానం పేరులోనే చెరకు, వరి రెండూ పక్కపక్కన ఉండడం ఈ ప్రాంత వ్యవసాయ స్వభావానికి సూచన. చెరకు నుంచి వరికి మారిన నల్లరేగడిలో నీరు నిలవడంతో జింక్ లోపం ముందుకు వచ్చింది. సున్నపు గుళ్లు ఉన్న చోట కార్శి చెరకులో ఇనుపధాతు లోపం కనిపిస్తుంది. కాలువ కింది పల్లపు నేలల్లో చౌడు సమస్య ఉంటుంది. ఈ మూడింటికీ వాడే మందులు సరళమైన అయానిక లవణాలే.

ఆవేశాల జమాఖర్చు

అయానిక సంయోగ పదార్థంలో ధనావేశం గల అయానులు, ఋణావేశం గల అయానులు కలిసి ఉంటాయి. మొత్తం ధనావేశం మొత్తం ఋణావేశానికి సమానం కావాలి. ఫార్ములా రాయడానికి ఇంతకు మించిన సూత్రం లేదు. సోడియం, పొటాషియం, అమ్మోనియం అయానులకు ఆవేశం +1. కాల్షియం, మెగ్నీషియం, జింక్ అయానులకు +2. క్లోరైడ్, నైట్రేట్, బైకార్బొనేట్ అయానులకు −1. సల్ఫేట్, కార్బొనేట్ అయానులకు −2. ఫాస్ఫేట్‌కు −3. వ్యవసాయ రసాయన శాస్త్రంలో నిత్యం ఎదురయ్యే లవణాల ఫార్ములాలలో అత్యధిక భాగం ఈ చిన్న పట్టికతోనే రాయవచ్చు.

పొటాషియం సల్ఫేట్‌ను చూడండి. సల్ఫేట్‌కు −2 ఉన్నందున దానిని సమతుల్యం చేయడానికి రెండు పొటాషియం అయానులు అవసరం. జింక్ సల్ఫేట్‌లో రెండు వైపులా 2 ఉన్నందున ఒకటికి ఒకటి సరిపోతుంది. జింక్ ఫాస్ఫేట్‌లో ఒక వైపు +2, మరొక వైపు −3 ఉన్నాయి. రెండింటికీ సమానమైన కనిష్ఠ సంఖ్య 6 కావున మూడు జింక్ అయానులకు రెండు ఫాస్ఫేట్ అయానులు కావాలి. విద్యార్థులు దీనిని ఆవేశాలను అడ్డంగా మార్చి రాయడం అనే చిట్కాగా గుర్తుపెట్టుకుంటారు. చిట్కా పనిచేస్తుంది గాని, దాని వెనుక ఉన్నది 6కు 6 సరిపోవడమేనన్న సంగతి మరుగునపడుతుంది. ఆ కారణంగానే జింక్ సల్ఫేట్‌కు కూడా రెండు జింక్‌లు, రెండు సల్ఫేట్లు రాసినవారు పరీక్ష పత్రాలలో కనిపిస్తారు.

అమ్మోనియం సల్ఫేట్ విషయంలో ఈ అలసత్వం ఖరీదైనది. అమ్మోనియం ఒక బహు పరమాణుక అయాన్. ఒక నత్రజని, నాలుగు హైడ్రోజన్‌లు కలిసి ఒకే +1 ఆవేశం గల ముక్కగా ప్రవర్తిస్తాయి. సల్ఫేట్‌కు ఇటువంటి ముక్కలు రెండు కావాలి. అందువల్ల ఫార్ములాలో అమ్మోనియంను కుండలీకరణంలో ఉంచి బయట 2 వేస్తారు. దీని ప్రకారం ఫార్ములా భారం 132, అందులో నత్రజని 28, అంటే 21.2 శాతం. బస్తాపై ఉండే 20.6 శాతానికి ఇది దగ్గర. కుండలీకరణాన్ని, 2ను విడిచిపెట్టి ఒకటికి ఒకటి రాస్తే భారం 114, నత్రజని 14, అంటే 12.3 శాతం వస్తుంది. ఎకరాకు 20 కిలోల నత్రజని అందించడానికి సరైన లెక్కన 97 కిలోల ఎరువు చాలు. తప్పు ఫార్ములా ప్రకారం 163 కిలోలు వేయవలసి వస్తుంది. ఒక చిన్న అంకె మరచిపోయినందుకు రైతు ఎకరాకు 66 కిలోల ఎరువు అదనంగా కొనవలసి రావడం స్వల్ప విషయం కాదు.

సంచిలోని నీరు

ఇప్పుడు దుకాణంలోని రెండు సంచుల సంగతి. జింక్ సల్ఫేట్ స్ఫటికం ఏర్పడేటప్పుడు నీటి అణువులను తన నిర్మాణంలో నిర్ణీత సంఖ్యలో ఇముడ్చుకుంటుంది. దీనినే స్ఫటిక జలం అంటారు. ఇది తడి కాదు. చేతికి పొడిగానే తగిలే స్ఫటికంలో భాగమైన నీరు. అయితే త్రాసు దీనిని కూడా తూస్తుంది.

హెప్టాహైడ్రేట్‌లో ఒక జింక్ సల్ఫేట్‌కు ఏడు నీటి అణువులు ఉంటాయి. జింక్ 65.4, సల్ఫేట్ 96, నీరు 126, మొత్తం 287.4. ఇందులో జింక్ 22.8 శాతం, నీరు దాదాపు 44 శాతం. మోనోహైడ్రేట్‌లో ఒకే నీటి అణువు ఉన్నందున మొత్తం 179.4, జింక్ 36.5 శాతం. ఇవి పూర్తిగా శుద్ధమైన లవణానికి వచ్చే అంకెలు. ఎరువుల నియంత్రణ ఉత్తర్వు నిర్దేశించే కనీస ప్రమాణాలు, అంటే సంచిపై కనిపించే 21, 33 శాతాలు, వీటి కంటే కొంచెం తక్కువ. తయారీలో మిగిలే మలినాలకు ఆ తేడా అవకాశం ఇస్తుంది. క్షేత్రపు లెక్కకు సంచిపై ఉన్న అంకెనే తీసుకోవాలి.

ఎకరాకు 20 కిలోల సిఫారసు హెప్టాహైడ్రేట్‌ను దృష్టిలో ఉంచుకొని చేసినది. దానిలోని జింక్ 4.2 కిలోలు. అదే జింక్‌ను 33 శాతం లవణం నుంచి పొందడానికి 12.7 కిలోలు చాలు. ఫార్ములా భారాల నిష్పత్తితో లెక్కించినా 12.5 కిలోలు వస్తుంది. రెండు దారుల్లో దాదాపు ఒకే సమాధానం రావడం లెక్క సరైనదనడానికి మంచి పరీక్ష. నేలలో వేసేటప్పుడు 33 శాతం లవణాన్ని కూడా 20 కిలోలు వేస్తే నష్టం ప్రధానంగా డబ్బుదే. ఆకులపై పిచికారీ చేసేటప్పుడు పరిస్థితి వేరు. వరిలో లోప లక్షణాలు కనిపించినప్పుడు లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున పిచికారీ చేయమంటారు. హెప్టాహైడ్రేట్ అయితే లీటరులో 0.42 గ్రాముల జింక్ ఉంటుంది. మోనోహైడ్రేట్‌ను అదే 2 గ్రాములు కలిపితే 0.66 గ్రాములు, అంటే ఒకటిన్నర రెట్లకు పైగా అవుతుంది. లేత ఆకుల చివర్లు మాడే అవకాశం అంతమేరకు పెరుగుతుంది. అప్పటికే ఇటుక రంగు మచ్చలతో ఉన్న పైరుపై కొత్తగా మాడిన గుర్తులు వస్తే, లోపం తగ్గలేదనుకొని మరొకసారి పిచికారీ చేసే ప్రమాదం కూడా ఉంది. మోనోహైడ్రేట్‌కు లీటరుకు 1.25 గ్రాములు సరిపోతుంది.

విస్తరణ సిబ్బంది కరపత్రాలలో "జింక్ సల్ఫేట్ 20 కిలోలు" అని మాత్రమే రాయడం ఇకనైనా మానవలసిన అలవాటు. "జింక్ సల్ఫేట్ (21 శాతం) 20 కిలోలు లేదా (33 శాతం) 12.5 కిలోలు" అని రాయడానికి పట్టేది ఒక అదనపు వరుస మాత్రమే.

జింక్, డీఏపీ ఒకే తొట్టిలో

జింక్ సల్ఫేట్‌ను భాస్వరపు ఎరువులతో కలపవద్దన్న సూచన అందరికీ తెలిసినదే. ఎందుకు కలపకూడదన్నది చెప్పకపోవడం వల్ల అది ఒక ఆచారంగా మిగిలిపోయింది. కూలి ఖర్చు కలిసివస్తుందన్న ఆశతో రైతు ఆ ఆచారాన్ని సులువుగా దాటేస్తాడు. ఫార్ములా ద్వారా కారణాన్ని చూపితే ప్రభావం వేరుగా ఉంటుంది.

జింక్ ఫాస్ఫేట్‌లో మూడు జింక్‌లకు రెండు ఫాస్ఫేట్లు. అంటే 196.2 భాగాల జింక్ 62 భాగాల భాస్వరంతో కట్టుబడిపోతుంది. ఎకరాకు వేసే 4.2 కిలోల జింక్ మొత్తాన్ని అవక్షేపంగా మార్చడానికి 1.33 కిలోల భాస్వరం చాలు. ఎరువుల భాషలో ఇది సుమారు 3 కిలోల పి₂ఓ₅. ఒక 50 కిలోల డీఏపీ బస్తాలో 46 శాతం చొప్పున 23 కిలోల పి₂ఓ₅ ఉంది. అంటే ఒక్క బస్తా డీఏపీలో, ఎకరాకు సరిపడిన జింక్ అంతటినీ ఏడు రెట్లకు పైగా బంధించగల ఫాస్ఫేట్ ఉందన్నమాట. తొట్టి అడుగున తేరుకునే తెల్లని మడ్డి రైతు డబ్బిచ్చి కొన్న జింకే.

ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది. ఇది గరిష్ఠంగా జరగగలదానిని చూపుతుంది. నేలలో వేసినప్పుడు తేమ, ఉదజని సూచిక, బంకమట్టి ఉపరితలం అన్నీ జోక్యం చేసుకుంటాయి కావున మొత్తం జింక్ ఒక్కసారిగా ఫాస్ఫేట్‌గా మారదు. అయినా ద్రావణంలోనో, ఒకే గుప్పిలోనో రెండింటినీ కలిపినప్పుడు ప్రమాదం లెక్క చెప్పిన దిశలోనే ఉంటుంది. రెండింటి మధ్య రెండు మూడు రోజుల వ్యవధి ఇవ్వడానికి కారణం ఇదే.

మూడు ఫాస్ఫేట్లు: పొలంలో నష్టం, మిల్లులో ప్రయోజనం

ఫాస్ఫేట్ అయాన్ తన మీద ఉన్న హైడ్రోజన్‌ల సంఖ్యను బట్టి మూడు రూపాల్లో ఉంటుంది. రెండు హైడ్రోజన్‌లు ఉంటే ఆవేశం −1, ఒకటి ఉంటే −2, ఏదీ లేకపోతే −3. కాల్షియంతో ఇవి ఏర్పరచే లవణాలను వరుసగా పరిశీలిస్తే ఆవేశాల సమతుల్యత ఎంత అర్థవంతమైనదో తెలుస్తుంది.

మొదటిదానిలో ఒక కాల్షియంకు రెండు ఫాస్ఫేట్లు. ఇది మోనోకాల్షియం ఫాస్ఫేట్, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్‌లోని ప్రధాన భాస్వరపు రూపం, నీటిలో కరుగుతుంది. రెండవదానిలో ఒకటికి ఒకటి. ఇది డైకాల్షియం ఫాస్ఫేట్, నీటిలో అంతగా కరగదు. మూడవదానిలో మూడు కాల్షియంలకు రెండు ఫాస్ఫేట్లు. ఇది ట్రైకాల్షియం ఫాస్ఫేట్, దాదాపు కరగదు. ఒక ఫాస్ఫేట్‌కు తగిలే కాల్షియం అరవంతు నుంచి ఒకటికి, అక్కడి నుంచి ఒకటిన్నరకు పెరిగే కొద్దీ వేరుకు అందే భాస్వరం తగ్గుతూ వస్తుంది. సున్నపు నల్లరేగడిలో సూపర్ ఫాస్ఫేట్ వేసినప్పుడు నెలల వ్యవధిలో జరిగే మార్పు స్థూలంగా ఇదే. సాళ్లలో మొక్క దగ్గరగా వేయడం, పశువుల ఎరువుతో కలిపి వేయడం వంటి సూచనల ఉద్దేశం ఫాస్ఫేట్‌కు కాల్షియం తగిలే అవకాశాన్ని తగ్గించడం, లేదా ఆలస్యం చేయడం.

పొలంలో నష్టంగా భావించే ఈ చర్యనే చక్కెర మిల్లు కోరి జరిపిస్తుంది. మరపట్టిన చెరకు రసంలో సహజంగానే కొంత ఫాస్ఫేట్ ఉంటుంది. అందులో సున్నపు పాలు కలిపినప్పుడు కాల్షియం ఫాస్ఫేట్ మెత్తని తునకలుగా ఏర్పడి, రసంలోని మలినాలను, రంగు పదార్థాలను తనతో పట్టుకొని అడుగుకు దిగుతుంది. రసం తేటపడడానికి లీటరుకు సుమారు 300 మిల్లీగ్రాముల పి₂ఓ₅ ఉండడం మంచిదని చక్కెర సాంకేతిక నిపుణులు భావిస్తారు. అంతకు తగ్గితే ఫాస్ఫారిక్ ఆమ్లం కలుపుతారు.

ట్రైకాల్షియం ఫాస్ఫేట్ ఫార్ములా నుంచి సున్నం అవసరాన్ని లెక్కించవచ్చు. ఒక ఫార్ములాలో మూడు కాల్షియంలు, అంటే 168 భాగాల కాల్షియం ఆక్సైడ్. రెండు ఫాస్ఫేట్లు, అంటే 142 భాగాల పి₂ఓ₅. కావున 300 మిల్లీగ్రాముల పి₂ఓ₅కు 355 మిల్లీగ్రాముల కాల్షియం ఆక్సైడ్ అవసరం. లక్ష లీటర్ల రసానికి ఇది 35.5 కిలోలు. సున్నంలో ఉపయోగపడే కాల్షియం ఆక్సైడ్ 80 శాతమే అయితే 44 కిలోలకు పైగా తూచాలి. వాస్తవంగా మిల్లులు వాడే సున్నం ఇంతకంటే చాలా ఎక్కువ. భారతదేశంలో తెల్ల చక్కెర తయారీకి ఎక్కువగా అనుసరించే డబుల్ సల్ఫిటేషన్ పద్ధతిలో రసంలోకి పంపే సల్ఫర్ డయాక్సైడ్ కూడా కాల్షియంతో చేరి సల్ఫైట్‌గా అవక్షేపిస్తుంది. అక్కడ ఆవేశాలు +2, −2 కావున ఒకటికి ఒకటి. 64 భాగాల సల్ఫర్ డయాక్సైడ్‌కు 56 భాగాల కాల్షియం ఆక్సైడ్ పడుతుంది.

వడపోతలో మిగిలిన ఈ మడ్డినే ప్రెస్‌మడ్ పేరుతో రైతులు పొలానికి తోలుకుంటారు. మిల్లు నడిచిన రోజుల్లో బోధన్ చుట్టుపక్కల బండ్లపై తరలిన ఆ ఎరువులో సేంద్రియ పదార్థంతోపాటు కాల్షియం, గంధకం, కాల్షియంతో బంధించబడిన భాస్వరం ఉంటాయన్న విషయం పై ఫార్ములాలను బట్టే ఊహించవచ్చు. కార్బొనేషన్ పద్ధతి పాటించే మిల్లుల మడ్డిలో కాల్షియం కార్బొనేట్ అధికం కావున దానిని సున్నపు నేలలకు వాడరాదు. దూరపు మిల్లుల నుంచి ప్రెస్‌మడ్ తెప్పించుకునేవారికి సలహా ఇచ్చేటప్పుడు మొదట అడగవలసినది అది ఏ పద్ధతి మిల్లు అన్నదే.

అన్నభేది రంగు

ఇనుముకు రెండు ఆవేశాలు సాధ్యం. +2 గలది ఫెర్రస్, +3 గలది ఫెర్రిక్. ఫెర్రస్ సల్ఫేట్‌లో ఇనుము, సల్ఫేట్ ఒకటికి ఒకటి. ఫెర్రిక్ సల్ఫేట్‌లో రెండు ఇనుములకు మూడు సల్ఫేట్లు. దుకాణంలో అన్నభేది పేరుతో దొరికేది ఏడు నీటి అణువులు గల ఫెర్రస్ సల్ఫేట్. ఫార్ములా భారం 277.8, ఇనుము 20 శాతం. సంచిపై ప్రమాణం 19 శాతం. తాజా లవణం లేత ఆకుపచ్చగా ఉంటుంది. గాలి, తేమ తగిలి ఫెర్రిక్‌గా మారే కొద్దీ పసుపు, గోధుమ రంగుకు తిరుగుతుంది.

కార్శి చెరకులో ఆకులు తెల్లబారినప్పుడు లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది, 2 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయమంటారు. ఎకరాకు 200 లీటర్ల ద్రావణం వాడితే 4 కిలోల అన్నభేది, అందులో 760 గ్రాముల ఇనుము. సంచిలోని లవణంలో సగం ఫెర్రిక్‌గా మారి ఉంటే, మొక్క సులువుగా వినియోగించుకోగల రూపంలో మిగిలేది దాదాపు 380 గ్రాములే. బరువు తూచినప్పుడు ఈ తేడా ఏమీ తెలియదు. నిమ్మ ఉప్పు ద్రావణాన్ని ఆమ్లంగా ఉంచి, ఇనుమును పట్టి ఉంచి, మూడు హైడ్రాక్సైడ్‌లతో చేరి తుప్పు రంగు మడ్డిగా పడిపోకుండా కాపాడుతుంది. బోరు నీటిలో బైకార్బొనేట్లు ఎక్కువగా ఉన్నచోట నిమ్మ ఉప్పును ముందుగా నీటిలో కలిపి, తరువాత అన్నభేది వేయడం మేలు. గోధుమ రంగుకు తిరిగిన లవణాన్ని ఏ ధరకైనా కొనవద్దని రైతుకు చెప్పడం సమంజసమే.

బస్తాలో లేని ఆక్సైడ్లు

ఎరువుల లెక్కల్లో అయానిక ఫార్ములాకు సంబంధం లేని ఒక సంప్రదాయం కొనసాగుతోంది. మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్. అందులో పొటాషియం ఆక్సైడ్ ఏ రూపంలోనూ లేదు. అయినా బస్తాపై 60 శాతం కె₂ఓ అని రాస్తారు. పూర్వపు విశ్లేషణ పద్ధతుల్లో ఫలితాలను ఆక్సైడ్‌లుగా చెప్పిన అలవాటు చట్టాల్లోకి, సిఫారసుల్లోకి చేరి స్థిరపడింది. రెండు పొటాషియంలు 78.2, ఆక్సిజన్ 16, మొత్తం 94.2 కావున పొటాషియంను 1.2తో హెచ్చిస్తే కె₂ఓ వస్తుంది. భాస్వరానికి ఈ గుణకం 2.29.

చెరకుకు ఎకరాకు 48 కిలోల పొటాష్ వేయాలనుకుంటే, అది కె₂ఓ అయినప్పుడు 80 కిలోల మ్యూరేట్ సరిపోతుంది. అదే అంకెను మూలక పొటాషియంగా పొరబడితే 96 కిలోలు వేయవలసి ఉంటుంది. విదేశీ పరిశోధన పత్రాలు మూలకాల్లోనూ, స్థానిక సిఫారసులు ఆక్సైడ్‌లలోనూ ఉన్నందున ఈ గందరగోళం స్నాతకోత్తర విద్యార్థుల సిద్ధాంత వ్యాసాలలో తరచుగా కనిపిస్తుంది. భూసార పరీక్ష ఫలితంలో భాస్వరం పక్కన ఏ రూపమో రాయకపోతే అడిగి తెలుసుకున్న తరువాతే మోతాదు చెప్పాలి. అక్కడ తేడా 20 శాతం కాదు, రెండు రెట్లకు పైగా.

చౌడు నేల, జిప్సం, మురుగు కాలువ

కారు చౌడు నేలలో బంకమట్టి కణాలను సోడియం అయానులు అంటిపెట్టుకొని ఉంటాయి. కణాలు చెదిరిపోయి, నీరు దిగక, ఆరినప్పుడు నేల రాయిలా బిగుసుకుంటుంది. సోడియంను తొలగించి దాని స్థానంలో కాల్షియంను కూర్చోబెట్టాలి. కాల్షియంకు చవకైన వనరు జిప్సం. ఒక కాల్షియం, ఒక సల్ఫేట్, రెండు నీటి అణువులు, మొత్తం 172.

ఇక్కడ బరువుకు బరువు లెక్క పనికిరాదు. ఆవేశానికి ఆవేశం లెక్కించాలి. +2 గల ఒక కాల్షియం +1 గల రెండు సోడియంలను తొలగిస్తుంది. కావున జిప్సం తుల్యభారం 172లో సగం, అంటే 86. సోడియంకు 23. ఆవేశాన్ని విస్మరించి ఒకటికి ఒకటి అనుకుంటే 172 వాడవలసి వచ్చి, రైతు రెట్టింపు జిప్సం కొనవలసి వస్తుంది.

ప్రయోగశాల నివేదిక 100 గ్రాముల మట్టిలో తొలగించవలసిన సోడియం 4 మిల్లీ తుల్యాంకాలని చెప్పిందనుకుందాం. కిలో మట్టికి 40. ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. మొత్తం 3 కోట్ల 60 లక్షల మిల్లీ తుల్యాంకాలు. ఒక్కొక్కదానికి 86 మిల్లీగ్రాముల చొప్పున 3,096 కిలోల శుద్ధ జిప్సం కావాలి. దొరికే జిప్సం స్వచ్ఛత 70 శాతం అయితే 4,420 కిలోలు, అంటే నాలుగున్నర టన్నులకు కాస్త తక్కువ. తొలి పంటగా వరి వేసే సందర్భంలో లెక్కకు వచ్చిన మొత్తంలో సగంతో ప్రారంభించడం ఆచరణలో ఉంది. వరి వేర్లు పైపొరలోనే ఉండడం, నిలిచిన నీటిలో ఆ పంట కొంత సోడియంను తట్టుకోగలగడం ఇందుకు కారణాలు.

జిప్సం చల్లి ఊరుకుంటే ఏమీ జరగదు. అది కరగాలి. మామూలు నీటిలో లీటరుకు సుమారు 2.4 గ్రాములు మాత్రమే కరుగుతుంది. ఆ లెక్కన 3,096 కిలోలు కరగడానికి దాదాపు 1,290 ఘనపు మీటర్ల నీరు అవసరం. ఎకరం విస్తీర్ణంపై ఇది 32 సెంటీమీటర్ల ఎత్తు నీటికి సమానం. సోడియం నిండిన నేలలో విడుదలైన కాల్షియం వెంటనే మట్టికి చేరిపోతుంది కావున కరిగే మోతాదు కొంత మెరుగ్గా ఉంటుంది. అయినప్పటికీ ఒక్క తడితో పని పూర్తయ్యేది కాదు. చౌడు నేలల పునరుద్ధరణలో వరికి ప్రథమ స్థానం ఇవ్వడంలో ఈ నీటి లెక్కకు కూడా పాత్ర ఉంది.

సున్నం సమృద్ధిగా ఉన్న చౌడు నేలలో జిప్సానికి బదులు గంధకం వాడవచ్చు. సూక్ష్మజీవుల చర్యతో గంధకం సల్ఫ్యూరిక్ ఆమ్లంగా మారి, నేలలోని కాల్షియం కార్బొనేట్‌ను జిప్సంగా మారుస్తుంది. ఒక గంధకానికి ఒక జిప్సం కావున 32 కిలోల గంధకం 172 కిలోల జిప్సంతో సమానం. రవాణా ఖర్చులో ఆదా కనిపిస్తుంది గాని, ఈ మార్పుకు వారాలు, నెలలు పడుతుంది. నీరు నిలిచిన పొలంలో అసలు సాగదు.

ఈ లెక్కలో సాధారణంగా ఎవరూ వేయని చివరి వరుస ఒకటి ఉంది. మట్టి నుంచి బయటపడిన సోడియం ఎక్కడికి పోతుంది? అది సల్ఫేట్‌తో జతకూడి సోడియం సల్ఫేట్‌గా నేలలోని నీటిలో ఉంటుంది. రెండు సోడియంలు, ఒక సల్ఫేట్, ఫార్ములా భారం 142, తుల్యభారం 71. పై ఉదాహరణలో 3 కోట్ల 60 లక్షల మిల్లీ తుల్యాంకాలకు 2,556 కిలోల సోడియం సల్ఫేట్ తయారవుతుంది. ఎకరానికి రెండున్నర టన్నుల ఉప్పు. ఇది వేర్ల మండలం దాటి కిందికి, అక్కడి నుంచి పొలం బయటకు పోవాలి. నిజాంసాగర్ ఆయకట్టులో కాలువ నీటి ఊట వల్ల భూగర్భ జలమట్టం పైకి వచ్చిన పల్లపు మడుల్లో ఈ ఉప్పుకు బయటకు పోయే మార్గం లేకపోతే, వేసవిలో నీరు ఆవిరై అది మళ్లీ పైకి వచ్చి తెల్లగా పేరుకుంటుంది. కారు చౌడు పాల చౌడుగా మారుతుంది. రైతు డబ్బిచ్చి కొన్న జిప్సం ఒక సమస్యను మరొక సమస్యగా మార్చినట్లవుతుంది.

అందువల్ల జిప్సం మోతాదు చెప్పడానికి ముందే ఆ పొలం చుట్టూ తిరిగి, మురుగు కాలువ ఉన్నదా, ఉంటే పూడిక తీసి ఉన్నదా, దాని అడుగు పొలం మట్టం కంటే కనీసం ఒక మీటరు లోతున ఉన్నదా అని పరిశీలించాలి. పక్క రైతుల మడుల గుండా నీరు పోవలసిన చోట వారి సమ్మతి కూడా ముందే కుదుర్చుకోవాలి. ఇవన్నీ కుదిరిన తరువాత 4,420 కిలోల్లో సగాన్ని మొదటి విడతగా జూన్ దుక్కిలో పైపొరలో కలిపి, మడిలో నీరు నిలిపి, రెండు మూడుసార్లు మురుగు తీసి, నాటు వేయవచ్చు. మిగిలిన సగం వేయాలా వద్దా అన్నది పంట కోసిన తరువాత మళ్లీ తీసిన మట్టి నమూనాలోని సోడియం అంకెను బట్టి నిర్ణయించాలి.